డాక్టరుకి మెసేజ్ పెట్టి ఊరుకోకు బుజ్జీ

బుజ్జీ,

కడుపుతో ఉన్నదానివి, రెండు రోజులుగా కాళ్లు వాస్తున్నాయని డాక్టరమ్మకి వాట్సాప్‌లో ఫొటో పంపి, జవాబు కోసం చూస్తున్నావని మీ అమ్మ చెప్పింది. విన్న దగ్గర్నుంచి మనసు ఆగడం లేదు. ఇన్నేళ్లు లేబర్ రూమ్‌లో నర్సుగా చేసినదాన్ని, నీ మెసేజ్ వెళ్లేసరికి అక్కడేం జరుగుతుంటుందో నాకు తెలుసు. ఓపీలో జనం, మధ్యలో సిజేరియన్, ఫోన్ ఎక్కడో బ్యాగులో. ఆవిడ చూడలేదంటే అది నిర్లక్ష్యం కాదమ్మా.

నా డ్యూటీలో ఒకసారి, ఎనిమిదో నెల అమ్మాయి బిడ్డ కదలడం లేదని రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టింది, డాక్టరు తెల్లవారి చూశారు. బిడ్డ దక్కింది గానీ చాలా రోజులు అద్దాల పెట్టెలో ఉంచాల్సి వచ్చింది. తప్పు ఆ పిల్లది కాదు, ఇలాంటప్పుడు ఫోన్ చేయాలని మేమెవరమూ ముందుగా చెప్పలేదు.

అందుకే చెబుతున్నా. రక్తం కనపడినా, ఉమ్మనీరు పోతున్నట్టున్నా, బిడ్డ కదలికలు తగ్గినా, తలనొప్పి వదలక కళ్లు మసకబారినా, బీపీ 140/90కి చేరినా ఫోనే చెయ్యి. ఆవిడ ఎత్తకపోతే లేబర్ రూమ్ నంబరుకి చెయ్యి (ఈరోజే అడిగి రాసుకో, మీ ఆయన ఫోన్లో కూడా ఉండాలి), అదీ కలవకపోతే 108కి చేసి బయలుదేరు. అర్ధరాత్రి లేపితే ఏమనుకుంటారోనని మొహమాటపడకు.

ఫోన్లో నువ్వే మాట్లాడు, మీ ఆయనకిస్తే అడిగిన ప్రతిదానికీ నీవైపు తిరిగి అడగాల్సిందే. పేరు, ఎన్నో వారం, ఏమైంది, ఎప్పట్నుంచి, అంతే. 'కొంచెం బ్లీడింగ్' అంటే ఎవరికీ అర్థం కాదు, గంటలో ప్యాడ్ తడిసిందా, మరక మాత్రమేనా అన్నది చెప్పు. మందు చెబితే రాసుకుని తిరిగి చదివి వినిపించు.

మెయిల్ తొందర లేనివాటికి. షుగర్ రీడింగులు, ప్రయాణం చేయొచ్చా అన్న సందేహం, స్కాన్ రిపోర్టు (వంకర ఫొటో వద్దు, ల్యాబ్ ఇచ్చిన పీడీఎఫ్ పెట్టు). పైన నీ పేరు, వారం, ఓపీ నంబరు వెయ్యి.

సరే, ఆ వాపుల సంగతి. ఇది చదవగానే వెళ్లి బీపీ చూపించుకుని, ఆ అంకె చెబుతూ ఆవిడకి ఫోన్ చెయ్యి. నాకు తర్వాత చేద్దువుగాని.

మీ పెద్దమ్మ