బీపీ బానే ఉంది, మరి పేషెంట్?

ప్రశ్న: అక్కా, నేను జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో పనిచేస్తున్నా. మొన్న నైట్ డ్యూటీలో డెంగ్యూ పేషెంట్, కుర్రాడే, ఐదో రోజు. జ్వరం దిగిపోయింది, బీపీ 100/80, ప్లేట్‌లెట్లు 62 వేలు, వాళ్ళమ్మ కూడా హమ్మయ్య అనుకుని పడుకుంది. తెల్లారేసరికి షాక్‌లోకి వెళ్ళాడు, పెద్దాసుపత్రికి పంపాం. నేనెక్కడ మిస్సయ్యాను?
– స్టాఫ్ నర్స్, ఏలూరు

జవాబు: నువ్వు రాసిన బీపీలోనే ఉందమ్మా. 100లోంచి 80 తీసెయ్, మిగిలింది 20. అదే పల్స్ ప్రెషర్, మామూలుగా 40 అటూఇటూ ఉంటుంది, డెంగ్యూలో 20కి వచ్చిందంటే షాక్ మొదలైనట్టే లెక్క. మనకేమో పై నంబర్ 100 కనబడగానే నార్మల్ అని రాసేయడం అలవాటు. రక్తనాళాల్లోంచి ప్లాస్మా కారిపోతుంటే ఒళ్ళు ఆ నాళాల్ని బిగించి పట్టుకుంటుంది, అందుకే కింది నంబర్ పైకెక్కుతుంది, చేతులూ కాళ్ళూ చల్లబడతాయి, పైది పడేది ఆఖర్న.

జ్వరం దిగిందని సంబరపడే టైమే అసలు డేంజర్ టైమ్. 3 నుంచి 7 రోజుల మధ్య జ్వరం తగ్గుతున్నప్పుడే ఈ లీకేజీ మొదలై 24 నుంచి 48 గంటలు ఉంటుంది. అప్పుడు మానిటర్ కంటే ముందు చెయ్యి పట్టుకుని చూడు, గోరు నొక్కి వదిలితే 2 సెకన్లలోపు మళ్ళీ ఎర్రబడాలి. యూరిన్ ఎప్పుడు వెళ్ళాడో అడుగు, 60 కిలోల మనిషికి గంటకి 30 మి.లీ. అన్నా రావాలి. కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళలో రక్తం ఇవన్నీ నీకు తెలిసినవే, కానీ ఊరికే లేచి కూర్చుంటూ పడుకుంటూ మనమీద విసుక్కునే పేషెంట్‌ని చూసి తిక్క మనిషి అనుకుంటాం చూడు, ఆ చిరాకు కూడా ఒక సైనే.

ప్లేట్‌లెట్ల గోల సరే, బొప్పాయాకు రసం పట్టుకుని కారిడార్లో తిరిగేవాళ్ళని రోజూ చూస్తూనే ఉన్నాం. నువ్వు మాత్రం రిపోర్టులో పక్కనే ఉన్న పీసీవీ, అంటే రక్తంలో ఎర్రకణాల శాతం, చూడు. మొన్న 40, ఇవాళ 48 అంటే రక్తం చిక్కబడుతోందని.

డాక్టర్‌కి ఫోన్ చేసి "పేషెంట్ డల్‌గా ఉన్నాడు సార్" అంటే "సరే చూద్దాం" అంటారు. "పల్స్ ప్రెషర్ 20, చేతులు చల్లగా ఉన్నాయి, ఆరు గంటలుగా యూరిన్ లేదు" అని చెప్పు, మంచం దిగి వస్తారు. నొప్పి అన్నాడని డైక్లో ఇంజెక్షన్ మాత్రం వద్దు, రక్తస్రావం ఎక్కువవుతుంది.

సెలైన్ నడుస్తున్నంతసేపూ ఊపిరి నిమిషం పాటు లెక్కపెట్టు, ఎందుకంటే లీకేజీ ఆగాక ఆ నీరంతా మళ్ళీ రక్తంలోకి వచ్చి ఊపిరితిత్తుల మీద పడుతుంది. మన కేస్ షీట్లలో వార్డు మొత్తానికీ రెస్పిరేషన్ 20 అనే ఉంటుంది, ఆ 20 ఎక్కణ్ణించి వస్తుందో నాకూ తెలుసులే, నేనూ రాశా.