స్పీకరు అయస్కాంతం విరిగితే ఒంటి ధ్రువం వస్తుందా?

ప్రశ్న: కావలిలో మైక్‌సెట్లు రిపేరు చేస్తుంటాను. మొన్న పాత స్పీకరు విప్పుతుంటే అయస్కాంతం బిళ్ల జారిపడి రెండు ముక్కలైంది. విరిగిన అంచులు కలపబోతే తోసుకుంటున్నాయి. ఒక ముక్కను బోర్లిస్తే ఠక్కున అతుక్కుంటున్నాయి. తలా ఒక ధ్రువం వచ్చినట్టేనా? ఒంటి ధ్రువం కోసం అంటార్కిటికా మంచులో వెతుకుతున్నారని మా అమ్మాయి అంటోంది, నిజమేనా?

జవాబు: బోర్లిస్తే అతుక్కుందన్నారే, జవాబు అందులోనే ఉంది. ఒంటి ధ్రువాలే అయితే ఎటు తిప్పినా తోసుకుంటూనే ఉండాలి. స్పీకరు బిళ్లకు ధ్రువాలు రెండు ముఖాల మీద ఉంటాయి, పైది ఉత్తరమైతే కిందిది దక్షిణం. విరిగినా ప్రతి ముక్కకూ రెండు ముఖాలూ మిగులుతాయి. అంచులు కలిపితే ఉత్తరం పక్కకు ఉత్తరమే వస్తుంది, అందుకే ఆ తోపులాట. దిక్సూచి దగ్గర ఒక ముఖం, తర్వాత రెండో ముఖం పెట్టి మీ అమ్మాయికి చూపించండి, ముల్లు గిర్రున తిరుగుతుంది. బిళ్లను పొడి చేసినా ఇంతే. ఒక్కో ఎలక్ట్రానే రెండు ధ్రువాల బుల్లి అయస్కాంతం మరి.

అమ్మాయి చెప్పింది నిజం. విశ్వంలో ఎక్కడో ఒక ఒంటి ధ్రువం ఉన్నా చాలు, విద్యుదావేశం ఎప్పుడూ ఒకే కొలత గుణిజాల్లో ఎందుకు ఉంటుందో తేలిపోతుందని 1931లో భౌతిక శాస్త్రవేత్త డిరాక్ లెక్కగట్టాడు. 'ఎందుకలా ఉంటుంది సార్' అని క్లాసులో అడిగిన ప్రతి పిల్లవాడికీ ముప్పై ఏళ్లు ఈ మాటే చెప్పాను. ఇంతకంటే అందమైన జవాబు నాకు తెలియదు.

అంటార్కిటికాలో భూమి దక్షిణ ధ్రువం దగ్గర ఐస్‌క్యూబ్ అనే పరిశోధన కేంద్రాన్ని కట్టింది న్యూట్రినోలనే అతి సూక్ష్మ కణాల కోసం, ఒంటి ధ్రువాన్నీ అందులోనే వెతుకుతున్నారు. 1450 నుంచి 2450 మీటర్ల లోతున, 86 తీగలకు పూసల్లా గుచ్చిన 5160 గాజు గోళాలు మంచులో మెరిసే వెలుగును పడతాయి. బకింగ్‌హామ్ కాలువలో పడవ అలను మించిన జోరుతో పోతే వెనక నీళ్లు రెండు పాయలుగా చీలడం చూసే ఉంటారు. మంచులో కాంతి కాస్త నెమ్మదిస్తుంది. దాన్ని మించి దూసుకుపోయే ఆవేశకణం వెనక నీలి వెలుగు అలాగే పరుచుకుంటుంది. అదే వేగంతో ఒంటి ధ్రువం వస్తే మ్యుయాన్ అనే ఆవేశకణం కంటే దాదాపు 8000 రెట్లు వెలుగు! 8 ఏళ్ల డేటా జల్లెడపట్టి 2022లో ఫలితం ప్రకటించారు. ఒక్కటీ దొరకలేదు.

1982 ఫిబ్రవరి 14న స్టాన్‌ఫర్డ్‌లో కాబ్రేరా అనే శాస్త్రవేత్త పెట్టిన అతివాహక (కరెంటుకు అడ్డే లేని) తీగచుట్టలో మాత్రం కరెంటు ఒక్కసారి ఎగిరింది, సరిగ్గా డిరాక్ లెక్క ప్రకారం రావలసినంత. మళ్లీ ఎప్పుడూ రాలేదు. కాయిల్స్‌తో పనిచేసే మీకు అది చూసి ఆయన పడ్డ ఆరాటం నాకంటే బాగా తెలుస్తుంది.

ముక్కలు అతికించాలంటే ఇనప ప్లేటు మీద పెట్టి, రెండు పక్కలా బిగించి ఎరాల్డైట్ వేయండి. ఆ బిళ్ల పెళుసు, పెంకులు కళ్లలో పడకుండా చూసుకోండి.