ఉద్యోగం మానేయనా అని అడిగిన చెల్లికి

చెల్లీ,

"ఉద్యోగం మానేసి ఏడాదిపాటు నవల మీదే కూర్చోనా అక్కా?" అని అడిగావు. మానకు. పెద్దవాళ్లు చెప్పే జాగ్రత్త మాటే అనుకుంటావేమో. కాదు, అమెరికా సైన్స్ ఫిక్షన్ రచయిత్రి ఆక్టేవియా బట్లర్ బతుకు దగ్గరగా చదివాను కాబట్టి చెబుతున్నా.

ఆమె 1947లో కాలిఫోర్నియాలోని పసడీనాలో పుట్టింది. నల్లజాతి కుటుంబం. తండ్రి బూట్‌పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నప్పుడే పోయాడు. తల్లి ఇళ్లల్లో పనిచేసేది. డిస్లెక్సియా (అక్షరాలు పట్టుబడని ఇబ్బంది) వల్ల పిల్లకు చదవడం నెమ్మది. పన్నెండేళ్లప్పుడు టీవీలో అంగారక గ్రహం నుంచి వచ్చిన పిల్ల గురించి ఒక నాసిరకం సినిమా చూసి, దీనికన్నా నేనే బాగా రాయగలను అనుకుంది. (మనలో సగంమంది మొదలుపెట్టింది అలాగే, పైకి ఒప్పుకోం గానీ.) కొన్నాళ్లకు, కథలు అమ్మిపెట్టే ఏజెంటునని చెప్పుకున్న ఎవరికో ఆ తల్లి తన కష్టార్జితం కట్టింది, కథ చదివినందుకు ఫీజట. నెల ఇంటద్దెకన్నా ఎక్కువ. డబ్బు పోయింది, పిల్ల రాయడం మాత్రం ఆపలేదు.

1970లో పెన్సిల్వేనియాలోని క్లారియన్‌లో కొత్త రచయితల ఆరు వారాల వర్క్‌షాప్‌కి వెళ్లింది. అక్కడ రెండు కథలు అమ్ముడుపోయాయి. ఇంక దారిలో పడ్డట్టే అనుకుని ఉంటుంది. ఆ తర్వాత ఐదేళ్లు ఒక్క ముక్క కూడా ఎవరూ కొనలేదు. ఆ రెండు కథల్లో ఒకటైతే ఆమె బతికుండగా అచ్చే కాలేదు. ఆ ఐదేళ్లు ఏం చేసిందో చూడు. గిన్నెలు కడిగింది, ఫోన్లు చేసి సరుకులు అంటగట్టింది, చిప్స్ ఫ్యాక్టరీలో మంచివీ పాడైనవీ ఏరింది. తలకు పని లేని ఉద్యోగాలు ఆమెకు సరిపోయాయి, తల కథకి మిగిలేది కదా. తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకుని, తర్వాత పనిలోకి వెళ్లేది. మూడ్ వచ్చినప్పుడు రాస్తాననే వాళ్లను నేను చాలామందిని చూశాను. ఆమె మాత్రం మూడ్ కన్నా అలవాటునే నమ్మాలని కొత్తవాళ్లకు చెప్పేది. మొదటి నవల 1976లో వచ్చింది.

నీకు అసలు చెప్పాలనుకున్నది ఆమె నవల 'కిండ్రెడ్' గురించి. కాలేజీలో ఉన్నప్పుడు తోటి నల్లజాతి కుర్రాడొకడు, మన పాతతరం వాళ్లు ఇన్నాళ్లూ అణిగిమణిగి ఉండి మనల్ని వెనక్కి లాగారు, వాళ్లందర్నీ చంపేయాలనుంది, కానీ మా అమ్మానాన్నలతోనే మొదలుపెట్టాల్సి వస్తుంది అన్నాడట. ఆ మాట ఆమెను వదల్లేదు. చిన్నప్పుడు తల్లి యజమానుల ఇంటి వెనక గుమ్మంలోంచి లోపలికి పోవడం, తన ముందే జనం ఆమెను మాటలనడం, తల్లి పడి ఊరుకోవడం చూసింది. అలా ఊరుకోబట్టే తనకు అన్నం దొరికిందని పెద్దయ్యాక అర్థమైంది. అందుకే 1976 నాటి ఒక నల్లజాతి యువతిని పట్టుకెళ్లి, బానిసల కాలపు మేరీల్యాండ్‌లో పడేసింది. ఎలా వెళ్లిందో నవల్లో ఎక్కడా చెప్పదు, యంత్రం లేదు, సూత్రం లేదు. ఇందులో సైన్స్ లేదు, ఇది ఫాంటసీ అని ఆమే అంది. నీ నవల సైన్స్ ఫిక్షనా ఫాంటసీయా అని రెండు పేజీలు రాశావు, ఆ టెన్షన్ నీకెందుకు?

ఆ నవల కోసం ఆమె లాస్ ఏంజిలస్ నుంచి మేరీల్యాండ్ దాకా బస్సులో వెళ్లింది. దేశం ఈ చివర నుంచి ఆ చివరికి! అక్కడి లైబ్రరీల్లో కూర్చుంది. పక్కనే వర్జీనియాలో ఉన్న జార్జి వాషింగ్టన్ ఇల్లు చూడ్డానికి వెళ్తే, గైడ్లు బానిసలు అనే మాట నోట రానివ్వకుండా పనివాళ్లు అంటున్నారు. ఇంట్లో కూర్చుంటే ఆ సంగతి తెలిసేదా?

ఆ ప్రయాణానికి డబ్బు ఎక్కడిదనుకున్నావు? ఇంకా చెక్కాల్సిన ఒక నవలను ఉన్నదున్నట్టే అమ్మేసింది. అది 'సర్వైవర్', 1978లో వచ్చింది. తర్వాత జీవితాంతం దాన్ని మళ్లీ అచ్చు వేయనివ్వలేదు. 'కిండ్రెడ్' మరుసటి ఏడు వచ్చింది, ఇప్పటికీ చదువుతున్నారు. ఒక పుస్తకాన్ని బలిచ్చి ఇంకోటి తెచ్చుకుంది అనాలా? నాకు తెలీదు. నేనూ ఒకసారి ఒక వారపత్రిక తొందరపెడితే సీరియల్ చివరి ఆరు వారాలు ఏ వారానికావారం రాసి పంపాను. ఆ డబ్బుతో ఫ్రిజ్ కొన్నాం. ఫ్రిజ్ ఎప్పుడో పాడైపోయింది, ఆ సీరియల్ మాత్రం ఇప్పటికీ ఎవరో ఒకరు గుర్తుచేస్తూనే ఉంటారు.

పేరు తర్వాత వచ్చింది. 1984, 85ల్లో వరసగా సైన్స్ ఫిక్షన్‌కిచ్చే హ్యూగో అవార్డులు. 1995లో ప్రతిభావంతులకు ఒక అమెరికా సంస్థ ఇచ్చే మెకార్థర్ ఫెలోషిప్, 2,95,000 డాలర్లు, సైన్స్ ఫిక్షన్ రచయితల్లో మొదట అందుకున్నది ఆమే. అప్పటికి నలభై ఎనిమిదేళ్లు. డబ్బుంటే రాత దానంతటదే సాగుతుందనుకోకు. 1998 నవల తర్వాత దాని కొనసాగింపు ఎన్నిసార్లు మొదలుపెట్టినా ముందుకు కదల్లేదు. 2006 ఫిబ్రవరిలో, యాభై ఎనిమిదేళ్లకే పోయింది. నా పుస్తకాలు బెస్ట్‌సెల్లర్ జాబితాల్లోకి ఎక్కుతాయి అని 1988లో నోట్‌బుక్ అట్ట లోపల తనకు తానే రాసుకుంది. ఆ నోట్‌బుక్ ఇప్పుడు కాలిఫోర్నియాలోని హంటింగ్టన్ లైబ్రరీలో ఉంది. 1993లో వచ్చిన ఆమె నవల 2020లో న్యూయార్క్ టైమ్స్ జాబితాకెక్కింది. ఆమె చూడలేదు.

నీ అధ్యాయాల సంగతి. మూసీ వరదలో మునిగిన రేపటి హైదరాబాద్ బాగుంది. కానీ నీ నీళ్లకు బురద లేదు, వాసన లేదు. గూగుల్ ఫొటోల్లో చూసి రాసినట్టుంది. 1908 సెప్టెంబర్ 28న వరద వచ్చినప్పుడు ఒక చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఇంకా ఉంది. నైట్ షిఫ్ట్ అయ్యాక పొద్దున్నే అటు వెళ్లు. ఎంత ఎత్తుందో, ఏ కొమ్మ మీద ఎంతమంది పడతారో చూడు. అక్కణ్నుంచి నదిదాకా నడువు.

వచ్చాక రెండో అధ్యాయం మళ్లీ రాసి పంపు. మూడోది తర్వాత చూద్దాం.

మీ అక్క