వంటకట్టె: ఒక వేసవి ముందుగా

చిరంజీవి అబ్బాయికి పెదనాన్న ఆశీస్సులు.

పెరట్లో కట్టెల పొయ్యి వేయించావనీ, కట్టె అంటుకోక పొగకు కోడలి కళ్ళు మండుతున్నాయనీ రాశావు. పొయ్యి వేసినవాడిని తప్పుపట్టే ముందు నీవు అడితిలో తూకానికి కొన్న కట్టెను ఒకసారి పరిశీలించు. కొట్టి నెల తిరగని పచ్చికట్టెలో దాదాపు సగం బరువు నీరే ఉంటుంది కనుక, పది కిలోలకు డబ్బిచ్చినవాడు నాలుగైదు కిలోల నీటిని కొన్నట్టే. ఆ నీటిలో ఒక్కొక్క కిలో ఆవిరి కావడానికి సుమారు 600 కిలోకేలరీల వేడి ఖర్చవుతుంది. అంత సెగ గిన్నెకు దక్కదు, సరిగా మండని కట్టె పొగ చిమ్ముతుంది.

ఏ జాతి కట్టె మేలని అడిగావు. మన ప్రకాశం తీరంలో నేనైతే రోజు వంటకు సరుగుడునే ఎంచుకుంటాను. తిన్నగా, ఒకే మందంలో దొరుకుతుంది, మంట నిలకడగా ఉంటుంది. నల్లతుమ్మ, చింత బరువైన చేవకట్టెలు, వాటి నిప్పులు చాలాసేపు నిలుస్తాయి. మామిడి త్వరగా ఎండుతుంది, అంతే త్వరగా పుచ్చుతుంది. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికా ఖండం నుంచి తెచ్చి నాటిన సర్కారు తుమ్మ ఇప్పుడు బీళ్ళన్నీ ఆక్రమించింది కాబట్టి, ముళ్ళ దగ్గర జాగ్రత్తపడి దాన్ని ఎంత వాడినా నాకు సంతోషమే. గన్నేరు, కాడజెముడు మాత్రం పొయ్యి దరిదాపులకు రానీయవద్దు, వాటి పొగ హానికరం. రంగు వేసిన పాత తలుపులు, ప్లైవుడ్ ముక్కలు కూడా అంతే.

అయితే జాతి కన్నా ఆరుదల ముఖ్యం. నేను పొగాకు బ్యారన్ (పొగాకును సెగతో ఆరబెట్టే కొట్టం) నడిపిన రోజుల్లో ఒక ఏడాది కట్టె ముందుగా చేర్చుకోక, పచ్చి తుమ్మ మొద్దులతోనే మంట పెట్టాను. వేడి నిలకడగా లేక ఆకు రంగు చెడిపోయి ధర పడిపోయింది. తప్పు పూర్తిగా నాదే. ఆ తరువాత ఏనాడూ వేసవికి ముందే కట్టె చేర్చకుండా ఉండలేదు.

ఇప్పుడు ఫాల్గుణం కనుక నీకు సమయం మించిపోలేదు. ఉన్న కట్టెను మూరెడు ముక్కలుగా కోయించి, ముంజేతి మందం దాటినవన్నీ పచ్చిగా ఉండగానే చీల్పించు, ఎండిన తరువాత చింత, తుమ్మ గొడ్డలికి లొంగవు. నీరు బెరడు గుండా కాక, కోసిన కొసల నుంచీ చీల్చిన ముఖాల నుంచీ సులువుగా పోతుంది. రాళ్ళ మీద రెండు వాసాలు వేసి నేలకు జానెడు ఎత్తున, పైరగాలి వరుసల మధ్యకు దూరేలా ఎడం వదిలి పేర్చు. పైన తాటాకులు కప్పితే చాలు. చుట్టూ టార్పాలిన్ బిగిస్తే లోపలి తేమ లోపలే ఉండి బూజు పడుతుంది. ఇంటి గోడకు ఆనించవద్దు, చెద ఎక్కుతుంది. కట్టె తీసేటప్పుడు తేలు ఉంటుందని గుర్తుంచుకొని, ముందు కర్రతో కదిపి తరువాతే చేయి పెట్టు.

ఎండిందో లేదో తెలుసుకోవడానికి ఒక ముక్కకు గుర్తు పెట్టి పక్షానికి ఒకసారి తూచు. రెండు తూకాల మధ్య బరువు తగ్గనప్పుడు కట్టె సిద్ధమైనట్టు. కొసల్లో బీటలు పడతాయి, రెండు ముక్కలు తాటిస్తే ఖంగుమంటాయి. రోహిణి కార్తె ఎండ దాటగానే సావిట్లోకి చేర్చు.

శ్రావణంలో వ్రతం భోజనాలకు గాడిపొయ్యి తవ్విస్తానన్నావు. గాడిని గాలి వాలుకు తవ్వించు, గాలి దాని పొడవునా లోపలికి ప్రవహించాలి. మొదట సరుగుడుతో మంట లేపి, అన్నం గంజి వార్చాక మగ్గడానికి తుమ్మ నిప్పులు సిద్ధంగా ఉంచితే అడుగంటదు. ఇంటి పొయ్యిలో అయినా కట్టెలు కుక్కవద్దు. మూడు కట్టెలు, వాటి కింద గాలికి చోటు, చాలు.

అప్పటిదాకా వంటకు ఈ ఏటి కందికట్టె, ఎండు కొబ్బరిమట్టలు వాడుకోండి. త్వరగా కాలిపోతాయి కాబట్టి పక్కన ఒకరుండి ఎగదోస్తుండాలి, కానీ కోడలికి పొగ బాధ తప్పుతుంది. మృగశిర నాటికి నేను వస్తాను. గుర్తు పెట్టిన ముక్కనూ, తూకాలు రాసిన కాగితాన్నీ నాకు చూపించు.

ఇట్లు,
మీ పెదనాన్న