పేడ, లద్దె, పెంటిక, రెట్ట

అమ్మలూ,

సోమవారం నుంచి పశువుల ఆసుపత్రిలో డ్యూటీ అంటే నువ్వెంత టెన్షన్ పడుతున్నావో నిన్న ఫోన్లో నీ గొంతు వింటేనే తెలిసిపోయింది. "పెదనాన్నా, అన్ని జంతువుల కడుపులూ బట్టీ పట్టాను, ఇప్పుడు అన్నీ కలగాపులగం అయిపోయాయి" అన్నావు. అవ్వవా మరి? ఆవు బొమ్మ ఒక పేజీలో, గుర్రం బొమ్మ ఇంకో పేజీలో వేసి, బాణం గుర్తులు పెట్టి వదిలేస్తారు. ముప్పై ఏళ్లు ఈ పశువుల డాక్టరు పనే చేశాను కదా, నేను ఎలా గుర్తు పెట్టుకున్నానో చెబుతాను, పనికొస్తే వాడుకో.

గడ్డీ ఆకూ తినే జంతువు ఏది వచ్చినా నీలో నువ్వు ముందు ఒకటే ప్రశ్న వేసుకో. గంగాళం ముందుందా, వెనకుందా? గడ్డిలోని సెల్యులోజ్‌ని విడగొట్టే ఎంజైము ఆవుకూ లేదు, గుర్రానికీ లేదు, కుందేలుకూ లేదు. ఆ పని సూక్ష్మజీవులు చేసి పెట్టాలి. వాటికి వెచ్చగా, తడిగా, గాలి ఆడని చోటు కావాలి, తిన్నది అందులో గంటల తరబడి నాని పులియాలి. ఆ చోటునే నేను గంగాళం అంటాను. అది చిన్నపేగుకు ముందుంటే ఒక కథ, తర్వాత ఉంటే ఇంకో కథ, మిగతాదంతా దాన్నిబట్టే వస్తుంది.

ఆవుకు ముందుంది. దాని కడుపులోని నాలుగు సంచుల్లో మొదటిది, రూమెన్. పెద్ద ఆవులో అది వంద లీటర్లు దాటుతుంది, ఎడమవైపు దాదాపు అంతా అదే. ఆవు గడ్డి తింటోందని మనం అనుకుంటాం గానీ గడ్డి తినేది లోపలున్న సూక్ష్మజీవులు, అవి వదిలే కొవ్వు ఆమ్లాల మీద ఆవు బతుకుతుంది, ఆ తర్వాత నాలుగో సంచిలోకి జారిపోయిన ఆ సూక్ష్మజీవుల్నే అరిగించుకుని మాంసకృత్తులు కూడా లాక్కుంటుంది. కాబట్టి నువ్వు వైద్యం చేసేది ఆవుకు కాదు, ముందు ఆ గంగాళానికి. ఎడమ డొక్క పల్లంలో పిడికిలి గట్టిగా ఆనించి రెండు నిమిషాలు కదలకుండా నిలబడు. లోపల్నుంచి ఏదో మెల్లగా ఒత్తిగిల్లినట్టు నీ పిడికిలిని బయటికి తోసి మళ్లీ జారిపోతుంది. రెండు నిమిషాల్లో రెండు మూడు సార్లు తోస్తే గంగాళం నడుస్తోందన్నమాట. ఏ స్కానింగూ అక్కర్లేదు. చాలామంది ముప్పై సెకన్లకే చెయ్యి తీసేసి కదలిక లేదని రాసేస్తారు, నువ్వు అలా చెయ్యకు.

నెమరు కూడా ఊరికే కాలక్షేపానికి వేసేది కాదు. నమిలే కొద్దీ లాలాజలం ఊరుతుంది, రోజుకు వంద లీటర్ల పైమాటే, అందులో ఉండే సోడా లాంటి లవణాలే గంగాళంలో పులుపు హద్దు దాటకుండా కాపాడేది. ఆవు కట్టు తెంచుకుని గింజల బస్తాలో మూతి పెట్టిందనుకో, గింజలు నమిలేది తక్కువ, పులిసేది ఎక్కువ, పులుపు ఒక్కసారిగా పెరిగి అక్కడున్న మంచి సూక్ష్మజీవులే చచ్చిపోతాయి. మొదటి కొన్ని గంటలు ఆవు బాగానే కనిపిస్తుంది, యజమాని కూడా "ఏం కాలేదండీ, బాగానే ఉంది" అంటాడు. నువ్వు మాత్రం నమ్మకు, వెంటనే వెళ్లు.

గుర్రానికి గంగాళం వెనకుంది, పెద్దపేగు మొదట్లో సంచిలా ఉండే అంధనాళంలోనూ, పెద్దపేగులోనూ. కడుపు మాత్రం ఆ ఒంటికి తగ్గట్టు ఉండదు, చాలా చిన్నది, ఎనిమిది నుంచి పదిహేను లీటర్లు. పైగా గుర్రం వాంతి చేసుకోలేదు, కడుపు మూతి దగ్గరున్న కండరం అంత బిగువుగా ఉంటుంది. అందుకని కడుపు నొప్పితో దొర్లుతున్న గుర్రం దగ్గరికి వెళితే నోటి మందు తాగించే ముందు ముక్కులోంచి గొట్టం వేసి లోపల ఏం పేరుకుందో చూడు, నిండిన కడుపులో ఇంకా పోస్తే అది పగిలే ప్రమాదం ఉంది. ఇక గంగాళం వెనకుండటంలో నష్టమేమిటంటే, అక్కడ పెరిగిన సూక్ష్మజీవుల్లోని మాంసకృత్తులు చాలావరకు గుర్రానికి దక్కకుండా లద్దెలో పోతాయి. లాభం ఏమిటంటే నెమరు కోసం ఆగనక్కర్లేదు, నాసిరకం గడ్డయినా తింటూ పంపిస్తూ ఉంటే చాలు. అందుకే లద్దె విరిచి చూస్తే గడ్డి పోచలు పోచలుగా కనిపిస్తాయి, ఆవు పేడ మెత్తగా ఉంటుంది. పేడ, లద్దె, పెంటిక, రెట్ట అని మన భాషలో దేని మాట దానికి వేరుగా ఉంది చూడు. ఆ మాటలు పెట్టినవాళ్లు ఏ అనాటమీ చదవలేదు, కంటితో చూసి పెట్టారంతే.

కుందేలుది కూడా వెనక గంగాళమే, కానీ అది నష్టపోవడానికి ఒప్పుకోలేదు. గట్టి పెంటికలు కాక, అంధనాళం నుంచి మెత్తటి జిగురు ఉండలు విడిగా వేసి, వాటిని నేల మీద పడకముందే నోటితో అందుకుని మింగేస్తుంది. యజమానులు అది చూసి అసహ్యపడి ఆపించమంటారు, ఆపకూడదు. పుండు నాకకుండా మెడకు ప్లాస్టిక్ గరాటు కట్టినా అది వాటిని అందుకోలేదు, గుర్తుంచుకో.

కుందేలు అన్నాను కాబట్టి ఇది కూడా చెప్పాలి. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, కాలి మీద చీము గడ్డ ఉన్న కుందేలును ఒక చిన్నపిల్ల బుట్టలో పెట్టుకుని తెచ్చింది. కుక్కలకు రాసే అలవాటులో నోటికి పెన్సిలిన్ జాతి మందు రాసిచ్చాను. గడ్డ తగ్గింది, కుందేలు మాత్రం విరేచనాలు పట్టుకుని మూడోరోజు చచ్చిపోయింది. నేను చంపింది దాని గంగాళంలోని మంచి సూక్ష్మజీవుల్ని, ఆ ఖాళీలో చెడ్డవి పెరిగి విషం వదిలాయి. ఆ పిల్ల బుట్ట ఎత్తుకుని మెట్లు దిగి వెళ్లడం నాకు ఇప్పటికీ గుర్తుంది. ఏ మందు రాస్తున్నా, ఇది గంగాళంలోకి చేరుతుందా, చేరితే అక్కడ ఏం చేస్తుంది అని ఒక్క క్షణం ఆలోచించు.

పిల్లికి ఆ గొడవే లేదు, చెప్పుకోదగ్గ గంగాళమే లేదు. పొట్టి పేగు, మాంసం పడితే త్వరగా అరుగుతుంది. అయితే టారిన్ అనే పోషకాన్ని తనకు కావాల్సినంత తయారు చేసుకోలేదు, మాంసంలో రావాల్సిందే. అది లేక పిల్లుల గుండె ఉబ్బిపోతోందని 1987లో తేలాకే వాటి మేతలో టారిన్ పెంచారు. క్యారెట్‌లోని రంగు పదార్థాన్ని విటమిన్ ఏగా మార్చుకోవడం కూడా దానికి చేతకాదు. పిల్లిని శాకాహారిని చేస్తానని ఎవరైనా వస్తే మొహమాటపడకు, కుదరదని చెప్పెయ్. కుక్క అలా కాదు, మనుషుల దగ్గర బతికి పిండి పదార్థాలు అరిగించుకోవడం బాగానే నేర్చుకుంది.

కోడి దగ్గర వేళ్లతోనే సగం పని అయిపోతుంది. మెడ కింద తిత్తి సాయంత్రం నిండుగా, పొద్దున్నే ఖాళీగా ఉండాలి. పొద్దున కూడా బంతిలా ఉంటే కింద ఎక్కడో అడ్డుపడింది. పళ్లు లేవు కాబట్టి నమిలే పని కందనకాయది, గింజలు తినే కోడికి చిన్న చిన్న రాళ్లు దొరకాలి. రెట్ట మీద తెల్లటి టోపీ చూసి రోగమని కంగారు పడకు, అది మూత్రం.

పాములు నీ దగ్గరికి తక్కువే వస్తాయి. కొండచిలువ మింగినది అరగాలంటే ఒంటికి వెచ్చదనం కావాలి, చలిలో ఉంచితే లోపలే కుళ్లుతుంది లేదా కక్కేస్తుంది. మేత వేశాక కొన్ని రోజులు దాన్ని ఎత్తుకోవద్దని చెప్పు, చాలు.

మర్చిపోయేలోపు ఇంకొకటి. దూడ పాలు చీకేటప్పుడు అన్నవాహిక చివర నుంచి ఒక గాడి ముడుచుకుని పాలను రూమెన్‌కి తగలకుండా నేరుగా నాలుగో సంచికి పంపుతుంది, అందుకే గొట్టంతో పోసిన పాలు, చీకిన పాలు ఒకటి కావు. పెద్ద పశువుకు మందు తాగించాల్సి వస్తే తల మరీ పైకెత్తకు, నాలుక బయటికి లాగకు, సీసా బుగ్గ పక్క నుంచి పెట్టి గుక్క గుక్కకీ ఆగు. దగ్గిందంటే వెంటనే తల వదిలెయ్, పక్కనున్నవాళ్లు ఎంత "పొయ్యండి పొయ్యండి" అన్నా సరే.

నీ పెదనాన్న