ఒక్క హాలు, నలుగురు అడిగితే ఎవరికివ్వాలి?

ప్రశ్న: ఆమదాలవలసలో మాకో చిన్న ఫంక్షన్ హాలుంది. ఎంతసేపు వాడుకున్నా అద్దె ఒకటే. మాఘమాసంలో ఒకే రోజుకి నలుగురైదుగురు అడుగుతున్నారు, వేళలేమో ఒకదాని మీదొకటి పడుతున్నాయి. ఇంజినీరింగు చదివే మా అబ్బాయి "గ్రీడీ అల్గారిథంతో తేలిపోతుందమ్మా" అంటున్నాడు. ఎలాగో చెప్పండి.
– ఒక పాఠకురాలు

జవాబు: మీ అబ్బాయి మాట నిజమేనమ్మా. ఆ పూటకి మేలనిపించినదాన్ని తీసుకుని, మళ్లీ వెనక్కి చూడకుండా సాగిపోవడమే గ్రీడీ. అయితే దేన్ని చూసి మేలనుకోవాలి? చిక్కంతా అక్కడే.

విజయనగరంలో నేను లెక్కలు చెప్పిన బడికి ఒకటే కంప్యూటర్ గది. తక్కువసేపు పట్టే క్లాసులకి ముందిస్తే ఎక్కువ బ్యాచులు పడతాయనుకున్నాను. తీరా చూస్తే రెండు బ్యాచుల పిల్లలు రికార్డు పుస్తకాలు గుండెకి హత్తుకుని గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆ ముఖాలు నేను మర్చిపోలేదు.

మీ హాలుకే చూడండి. బారసాల 9 నుంచి 12, డ్వాక్రా మీటింగు 11:30 నుంచి 12:30, ఓణీల ఫంక్షను 12 నుంచి 3. గంటేకదా అని మీటింగుకి మాటిచ్చారో, అటు బారసాలా ఇటు ఓణీలూ రెండూ పోతాయి. ముందు మొదలయ్యేవాళ్లకే ఇద్దామంటే, ఉదయం 6కి దిగిన పెళ్లివారు సాయంత్రం దాకా హాలు వదలరు.

చూడాల్సింది ఎవరు ముందు ఖాళీ చేస్తారన్నది. ముగిసే వేళల వరసలో అందరినీ రాసుకోండి. మొదటివారికి ఇవ్వండి. వాళ్లు వెళ్లకముందే మొదలయ్యేవన్నీ కొట్టేయండి. మిగిలినవాటిలో మొదటిది తీసుకోండి, అలాగే కిందికి రండి. ఊడ్చి కుర్చీలు సర్దే సమయాన్ని ముగింపు వేళలోనే కలిపేయాలి సుమా.

ఇంతకంటే ఎక్కువమందికి ఇవ్వడం కుదరదని నమ్మకమేమిటి? ఎవరైనా ఇంతకంటే మంచి జాబితా తెచ్చారనుకోండి. అందులో మొదటిది తీసి మన మొదటిది పెట్టండి. మనది దానికంటే ఆలస్యంగా ముగియదు కాబట్టి తర్వాతివాటికి అడ్డురాదు, లెక్కా తగ్గదు. రెండోదీ, మూడోదీ అలాగే మార్చుకుంటూ పోతే వాళ్ల జాబితా మన జాబితాకే వస్తుంది. పాతికేళ్లు పాఠం చెప్పినా ఈ రుజువు దగ్గరికొచ్చేసరికి నాకు ఒళ్లు పులకరించేది.

పెళ్లికి ఎక్కువ, మీటింగుకి తక్కువ పుచ్చుకునేటట్టయితే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు. అప్పుడు ముగింపు వరసలోనే ఒక్కొక్కటి చూస్తూ, దాని అద్దెకి అది మొదలయ్యేలోపు ముగిసేవాటితో రాగల గరిష్ఠ మొత్తాన్ని కలపాలి. దాన్ని వదిలేస్తే వచ్చే మొత్తంతో పోల్చి, పెద్దది ఉంచుకోవాలి. డైనమిక్ ప్రోగ్రామింగ్ అంటే మీ అబ్బాయికి తెలుస్తుంది.