క్రిస్టల్ రెడ్ రొయ్యలకు ఆర్‌ఓ నీళ్లు: బోరు నీళ్లు కలపకండి, ఖనిజాలు కలపండి

మీరు రాసింది ఇది: 40 లీటర్ల ట్యాంకు, అడుగున యాక్టివ్ సాయిల్ (నీళ్లలోని కేహెచ్ పీల్చుకుని పీహెచ్ తగ్గించే మట్టి గుళికలు), ఇంటి ఆర్‌ఓ నీళ్లు, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్నవాటి మొత్తం) 25. మూడు వారాల్లో, ఎరుపు తెలుపు పట్టీల చిన్న అక్వేరియం రొయ్యలైన పదిహేను క్రిస్టల్ రెడ్‌లలో ఆరు చనిపోయాయి. వాటిలో రెండింటికి మెడ చుట్టూ తెల్లటి గీత కనిపించింది. కాస్త బోరు నీళ్లు పోసి టీడీఎస్ 120కి తెమ్మని షాపతను చెప్పాడు, పోయొచ్చా అని అడిగారు. పోయకండి అండి.

ముందు ఆ తెల్ల గీత సంగతి. రొయ్య గుల్ల మార్చుకునేటప్పుడు వీపు మీద, తలా తోకా కలిసే చోట చిన్న చీలిక వస్తుంది. ఒక్క విదిలింపుతో అందులోంచి బయటికి వచ్చేస్తుంది. చీలిక వీపు దగ్గర ఆగకుండా ఒంటి చుట్టూ తిరిగితే, మీరు చూసిన తెల్ల గీత అదే, గుల్ల రెండు ముక్కలై, రొయ్య మధ్యలో ఇరుక్కుపోతుంది. నీళ్లలో కాల్షియం, మెగ్నీషియం తక్కువైనా, నీటి లక్షణాలు ఒక్కసారిగా మారినా ఇలా అవుతుంది. భీమవరం దగ్గర వనామి సాగు చేసే మా బాబాయి గుల్ల మెత్తబడిందంటే చాలు, చెరువులో మినరల్స్ చల్లిస్తారు. రొయ్య చిన్నదైనా పెద్దదైనా గుల్ల కట్టుకోవడానికి ఇవే కావాలి.

మరి బోరు నీళ్లలో ఖనిజాలు లేవా అంటే, ఉన్నాయి. మా నిజాంపేట బోరు నీళ్లు నేను కొలిచినప్పుడు టీడీఎస్ 850, జీహెచ్ (కాల్షియం, మెగ్నీషియం ఎంతున్నాయో చెప్పే కొలత) 24, కేహెచ్ (పీహెచ్ పడిపోకుండా ఆపే కార్బనేట్ల కొలత) 16. మీ ఆర్‌ఓ నీళ్లలో వీటిని పదో వంతు కలిపామనుకోండి. టీడీఎస్ 110 దగ్గరికి వస్తుంది, మీటర్ చూసి సరిపోయిందనుకుంటాం. నిజానికి జీహెచ్ రెండున్నర మాత్రమే వస్తుంది, దానితోపాటు కేహెచ్ ఒకటిన్నర పైకి చేరుతుంది. మిగతాదంతా సోడియం, క్లోరైడ్ లాంటివి. క్రిస్టల్ రెడ్‌లకు జీహెచ్ 4 నుంచి 6, కేహెచ్ సున్నా లేదా ఒకటి, పీహెచ్ 6 దగ్గర ఉంటే బాగుంటుంది. వీటి మూలం దక్షిణ చైనాలోని మెత్తటి నీటి వాగులు. కేహెచ్ ఉన్న నీళ్లు పోసిన ప్రతిసారీ మీ సాయిల్ దాన్ని పీల్చుకుంటూ తన శక్తి ఖర్చు చేస్తుంది. ఏడాదికి పైగా రావాల్సిన సాయిల్ కొన్ని నెలలకే చేతులెత్తేస్తుంది, ఆ తర్వాత పీహెచ్ ఏడు దాటుతుంది.

టీడీఎస్ మీటర్ నీళ్లలో ఎంత కరిగి ఉందో చెబుతుంది, ఏం కరిగి ఉందో చెప్పదు. ఇది నాకు చాలా బాధతో తెలిసింది. రెండేళ్ల క్రితం సర్వీసుకి వచ్చినతను మా ఆర్‌ఓకి కాపర్ కార్ట్రిడ్జ్ బిగించి వెళ్లాడు. మనుషులకు మంచిదన్నాడు, నేనూ పట్టించుకోలేదు. మీటర్ ఎప్పటిలాగే 40 చూపించింది. నీళ్లు మార్చిన మర్నాడు పొద్దున చూస్తే పదకొండు రొయ్యలు నాచు మీద పక్కకు పడి ఉన్నాయి, కాళ్లు మాత్రం ఇంకా సన్నగా కదులుతున్నాయి. రాగి ఏ కాస్త ఎక్కువైనా రొయ్యలకు విషమే. అందుకే ముందు మీ ఆర్‌ఓ లోపల కాపర్, మినరల్ కార్ట్రిడ్జ్‌లు, టీడీఎస్ కంట్రోలర్ ఉన్నాయేమో చూడండి. ఆ కంట్రోలర్ చేసేది కూడా పచ్చి నీళ్లు కొన్ని కలపడమే. ఉంటే మెంబ్రేన్ దాటిన వెంటనే, ఇవేవీ తగలకముందే, ఒక టీ జాయింట్ పెట్టించి ట్యాంకు నీళ్లు విడిగా పట్టుకోండి.

ఇక ఖనిజాలు. మొదటిసారి కాబట్టి బీ ష్రింప్‌ల (క్రిస్టల్ రెడ్‌లు ఈ రకమే) కోసం అమ్మే జీహెచ్ ప్లస్ పొడి కొనండి. డబ్బా మీద జీహెచ్ కేహెచ్ ప్లస్ అని ఉంటే అది చెర్రీ రొయ్యలకు, మీకు కాదు. పొడి వానాకాలంలో తేమ పీల్చి గడ్డ కడుతుంది, అప్పుడు తూకం నమ్మలేం, కాబట్టి బిగుతు మూత డబ్బాలో పెట్టండి. నేనైతే సొంతంగా కలుపుకుంటాను: 20 లీటర్ల క్యాన్‌కి ఆహార గ్రేడ్ జిప్సమ్ 2 గ్రాములు, ఎప్సమ్ సాల్ట్ 1.6 గ్రాములు. జీహెచ్ 5 వస్తుంది. వంటింటి కాటా దీనికి పనికిరాదు, 0.01 గ్రాము చూపించే చిన్న కాటా కావాలి. జిప్సమ్ మహా నిదానంగా కరుగుతుంది. అడుగున తెల్లటి మడ్డిలా కూర్చుంటుంది, ఎయిర్ స్టోన్ వేసి రాత్రంతా వదిలేస్తాను. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ కూడా జిప్సమే కదా అని ఎవరైనా చెబితే వినకండి.

నీళ్లు తయారయ్యాక చుక్కల టెస్ట్ చేయండి. జీహెచ్ టెస్ట్‌లో రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టాలి. 5 మిల్లీలీటర్ల నీళ్ల బదులు 10 తీసుకుంటే ఒక్కో చుక్క అర డిగ్రీ అవుతుంది, లెక్క ఇంకా కచ్చితంగా వస్తుంది. కేహెచ్‌కి మొదటి చుక్కకే పసుపు వస్తే మంచిది, అంటే కేహెచ్ దాదాపు లేనట్టే. జీహెచ్ 5 దగ్గర మీ మీటర్ ఎంత చూపిస్తుందో రాసి పెట్టుకోండి. తర్వాతి క్యాన్లకు ఆ అంకె పనికొస్తుంది, అప్పుడు మీటర్ మీద నమ్మకంగా ఆధారపడొచ్చు.

అయితే ఒక్కరోజులో పెంచేయకండి, ఉన్న తొమ్మిదీ పోతాయి. కలిపేటప్పుడు జీహెచ్ 6 ఉంచుకుని, వారానికి రెండుసార్లు 4 లీటర్లు తీసి 4 పోయండి, సన్నని ట్యూబుతో బొట్టుబొట్టుగా. ట్యాంకులో ఇప్పుడు 1 ఉందనుకుంటే నాలుగు వారాలకు 4 దగ్గరికి వస్తుంది. మధ్యలో ఇంకోటి పోయినా టెన్షన్ పడి వేగం పెంచొద్దు.

ఎండాకాలంలో మన దగ్గర ఫ్యాన్ పెట్టక తప్పదు, రోజూ నీళ్లు ఆవిరై తగ్గుతాయి. ఆవిరయ్యేది నీరే, ఖనిజాలు ట్యాంకులోనే ఉండిపోతాయి. కాబట్టి తగ్గిన మేరకు ఏమీ కలపని ఆర్‌ఓ నీళ్లే పోయాలి. ఖనిజాలు కలిపినవి నీళ్లు మార్చేటప్పుడు మాత్రమే. ముందు ఆ కార్ట్రిడ్జ్‌ల సంగతి చూసి, ట్యాంకు జీహెచ్, కేహెచ్ కొలిచి ఇక్కడ పెట్టండి, ఏ వారం ఎంత మార్చాలో లెక్క వేసి చెబుతాను.